పట్టుపురుగుల ఇంటికి వేసిన పచ్చరంగు

మా సంఘంలో పెయింటింగ్ పనిలోకి కొత్తగా దిగిన యువకులు నలుగురున్నారు. ఈ క్రిస్మస్‌కు గుడికి తామే రంగులు వేస్తామన్నారు. సంతోషించాను. గోడలు చూశారు, కిటికీలు చూశారు. చివరికి తలుపుల దగ్గర ఆగి నా వైపు తిరిగారు.

"తాతా, ఇన్ని ఊళ్ళకు రంగులేసినోడివి. నీ గుడి తలుపులకు ఒక్కసారైనా రంగెయ్యాలని తోచలేదా?"

తోచకపోవడం కాదు. వేయకూడదని సంఘమంతా కూర్చుని అనుకున్నాం. ఎందుకో చెప్పాలంటే గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. ఏ రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది, ఎంత నూనె కలపాలి అన్నవి నన్ను అడగకండి. అవన్నీ ఇప్పుడు డబ్బా మీదే ఉంటాయి. డబ్బా మీద రాయనివి మాత్రమే ఇక్కడ చెబుతాను.

నేను పని చేసింది పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో. డెబ్బైల్లో మొదలుపెట్టి ముప్పై ఏళ్ళకు పైగా చేశాను. పెంకుటిళ్ళు, పశువుల కొట్టాలు, బెల్లం వండే పాకలు, పట్టుపురుగుల షెడ్లు. నన్ను సున్నం దానియేలు అనేవాళ్ళు. చిత్తూరు జిల్లా అంటే ఎండ, కరువు అనుకునేవాళ్ళు దీపావళి దాటాక మా కొండ వాలులో ఒక గోడకు నిచ్చెన వేసి చూడాలి. ముసురు పట్టిందంటే వారం రోజులు సూర్యుడు కనబడడు. పొద్దున కొట్టిన సున్నం సాయంత్రానికి కూడా చేతికి అంటుకుంటుంది. మా పనిలో సగం కుంచె పట్టడం, సగం కాచుకుని కూర్చోవడం.

గోడకు చెంప ఆనించడం

నాకు పని నేర్పింది కన్నయ్య మేస్త్రి. గుడియాత్తం వైపు నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడినవాడు. నోరు మంచిది కాదు, చేయి మంచిది. సున్నపు రాయిని నీళ్ళలో వేసి మూడు రోజులు నాననివ్వనిదే కుంచె ముట్టనిచ్చేవాడు కాదు. నాగజెముడు మట్టలు దంచి నానబెట్టిన జిగురు నీళ్ళు అందులో కలిపించేవాడు. ఆఖరి పూతకు మాత్రం సముద్రం వైపు తడ నుంచి మూటల్లో వచ్చే, గవ్వలు కాల్చి చేసిన గుల్ల సున్నమే కావాలి. దాని తెలుపు వేరు.

మొదటి వారం నేను గోడ మీద అరచేయి పెట్టి, "ఆరిపోయినాది మేస్త్రీ" అన్నాను.

"నీ చేయి మొద్దుది. అది అబద్ధం చెబుతాది. చెంప పెట్టు."

చెంప ఆనించాను. చల్లగా, తడిగా తగిలింది.

"ఇప్పుడు చెప్పు."

"ఆరలేదు మేస్త్రీ."

"గోడకు నీ తొందర తెలవదప్పా. దానికి నీ ఇంట్లో పెళ్ళైనా ఒకటే, చావైనా ఒకటే."

ఆ ఒక్క పాఠానికి ఆయనకు రుణపడి ఉన్నాను. ఆయనలో తప్పు కూడా చెప్పాలి. గోడ ఆరలేదని నాకు చెప్పేవాడు గానీ ఇంటివాళ్ళకు చెప్పేవాడు కాదు. గృహప్రవేశం ఎల్లుండి అంటే, "సరే సామీ" అని తడి గోడ మీదే కొట్టేసేవాడు. బంగారుపాళ్యంలో ఒక మామిడికాయల వ్యాపారి ఇంటికి అట్లాగే కొట్టాం. మూడు వారాలకు ఆయన మనిషిని పంపించి పిలిపించాడు. సున్నం పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. ఆయన వేలితో ఒక పొక్కును చిట్లించి, "ఏమప్పా, నేను సున్నం కొట్టమంటే మీరు గోడ మీద అప్పడాలు వేయించినారే" అన్నాడు. మేస్త్రి నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను.

ఆ ఏడాదే మా సంఘంలో లేఖనాలన్నీ మొదటి నుంచి వరసగా చదువుతున్నాం. ధర్మశాస్త్రం భాగం వచ్చేసరికి సగం మంది కునుకు తీస్తారు. నేనూ తూగుతూ ఉన్నాను. ఉన్నట్టుండి ఇంటి గోడల మాట వినబడింది. గోడ మీద పచ్చగానో ఎర్రగానో మచ్చ కనబడితే, ఇంటిని ఖాళీ చేయించి ఏడు రోజులు మూసిపెట్టి, యాజకుడు మళ్ళీ వచ్చి చూడాలట. మచ్చ పాకి ఉంటే ఆ రాళ్ళు తీసేసి, గీకించి, కొత్త అడుసు పూయించాలట. నేను నిటారుగా కూర్చున్నాను. నక్షత్రాలను చేసిన దేవుడు గోడ చెమ్మను కూడా పట్టించుకున్నాడు! మేస్త్రి చెప్పని మాట ఆయన చెప్పాడు. మచ్చను కప్పొద్దు, ఆగి చూడు అన్నాడు.

సొంతంగా పనులు పట్టుకోవడం మొదలుపెట్టాక అదే నా నియమం చేసుకున్నాను. చెమ్మ ఉంటే గీకి, వారం ఆగి, చెంప ఆనించి, అప్పుడే కుంచె. కొందరు విసుక్కునేవాళ్ళు. "మీ దేవుడిది కూడా సున్నం పనేనా దానియేలూ?" అనేవాళ్ళు. "ఆయనకు రాని పని లేదన్నా" అనేవాణ్ణి.

ఇంత నియమం ఉన్నవాణ్ణి, నేను చేసిన అతి పెద్ద తప్పు మాత్రం ఒక్క రోజు ఆగకపోవడం వల్లే జరిగింది.

ఎవరూ అడగని పని

మా మిట్టపల్లెలో ఊరికీ మా పేటకీ మధ్య ఒక వంక ఉంది. వంకకు అవతల గోవిందరెడ్డి గారిల్లు. ఆయన, భార్య మునెమ్మ, తల్లి నాగమ్మవ్వ. రెండెకరాల మల్బరీ తోట పెట్టి, అప్పు చేసి పట్టుపురుగుల షెడ్డు కట్టారు. అది వాళ్ళ రెండో పంట. మొదటి పంట పురుగులకు రోగం వచ్చి సగం పోయాయి. ఇది కూడా పోతే తోట కొట్టేసి మళ్ళీ వేరుశనగ వేయాల్సిందేనని గోవిందరెడ్డి నాతోనే అన్నాడు.

అందుకే షెడ్డు గోడలు గీకి కొత్తగా సున్నం కొట్టమని నన్ను పిలిచారు. పట్టుపురుగుకు సున్నం మంచిది. రోగాన్ని చంపుతుంది.

షెడ్డు ఖాళీగా ఉన్నన్నాళ్ళు నేను లోపలికి వెళ్ళొచ్చు, మూల మూలా తాకొచ్చు. పురుగులొచ్చాక మాత్రం మా పేటవాళ్ళెవరూ గడప దాటకూడదు. పురుగుకు మైల పడదని నమ్మకం. నాగమ్మవ్వ మధ్యాహ్నం నాకు మజ్జిగ ఇచ్చేది. నేను దోసిలి పట్టి వంగితే పైనుంచి పోసేది. ఒక్క చుక్క కింద పడేది కాదు, అంత గురి. ఇది నచ్చేదని చెప్పను. అయినా ఆ ముసలమ్మంటే నాకు ఇష్టం. నా కుంచె గీతలను ఆమెలాగా పరికించి చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. "ఆడ మూల వదిలేసినావు సూడు" అని సరిగ్గా వదిలేసిన చోటే చూపించేది.

గోడల పని బుధవారం మధ్యాహ్నానికి అయిపోయింది. చెంప ఆనించి చూశాను, బాగా ఆరాయి. అంతకు ముందు నేను పని చేసిన ఇంటివాళ్ళు మిగిలింది నువ్వే ఉంచుకో అని ఇచ్చిన ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ అర డబ్బా నా దగ్గర ఉంది. తెల్లటి గోడల మధ్య ఆ పచ్చి కొయ్య తలుపులు, కిటికీలు బోసిగా కనబడ్డాయి. ఇంట్లో ఎవరూ లేరు, ఆకు కోయడానికి తోటకు వెళ్ళారు. నేనే ప్రేమతో తలుపులకూ కిటికీలకూ, లోపలా బయటా పచ్చరంగు వేసేశాను. ప్రేమ అన్నాను గానీ సగం గర్వం. సాయంత్రం చూసి ముచ్చటపడతారని నా ఆశ. జల్లు మొదలైంది. రంగు మీద నీళ్ళు పడకుండా అన్నీ దగ్గరగా వేసి, నిచ్చెన అక్కడే వదిలి, వంక దాటి ఇంటికొచ్చాను.

నిచ్చెన కోసం వెళ్ళిన రోజు

పురుగు మేత మాని, కదలకుండా పడుకుని, చర్మం విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. రెండో జ్వరం లేచిన పురుగులను గోవిందరెడ్డి వాళ్ళు గురువారం పొద్దునే ఇంటి గదిలో నుంచి షెడ్డులోకి మార్చారు. ముసురు గదా, తలుపులూ కిటికీలూ మూసే ఉంచారు. లోపలి ఘాటు కొత్త సున్నానిదే అనుకున్నారట. మధ్యాహ్నం నేను నిచ్చెన తెచ్చుకుందామని వెళ్ళాను.

వాకిట్లోకి అడుగు పెట్టేసరికే నాగమ్మవ్వ గొంతు వినబడింది. "దూరముండాల్సిన దినాల్లో లోపలికి పోయినావా లేదా, నిజం చెప్పు!"

మునెమ్మ షెడ్డు అరుగు మీద కూర్చుని ఏడుస్తోంది. "లేదత్తా. నా పిల్లల మీద ఒట్టు. నేనట్ల లేను."

"మరి ఊరికే ఎందుకు మేత మానేస్తాయి? నిన్న బాగానే తినినాయి గదా! తలలెత్తి ఆడిస్తా ఉండాయి, పచ్చగా కక్కుతా ఉండాయి. నువ్వు గాక ఎవురు పోయినారు లోపలికి?"

గోవిందరెడ్డి ఒక తట్ట పట్టుకుని బయట వెలుతురులో నిలబడి ఉన్నాడు. ఆకు ఆకులాగే ఉంది. పురుగులు దాని మీద తలలు పైకెత్తి అటూ ఇటూ ఊగుతున్నాయి.

తెరిచిన తలుపులో నుంచి వాసన నా ముఖానికి కొట్టింది. టర్పెంటైను. నిన్న నేను వేసిన రంగు ముసురుకు ఇంకా ఆరలేదు. రాత్రంతా మూసిన షెడ్డులో ఆ ఘాటు నిండిపోయింది. ఆ ఘాటు ఎప్పుడూ ఒంటి నిండా ఉండే నాకే అంత తెలిస్తే, పురుగుకెంత?

ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి. ఎవరూ నన్ను అనుమానించలేదు. నిచ్చెన భుజాన వేసుకుని వెనక్కి తిరిగితే సరిపోయేది. మునెమ్మ కొంగుతో రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నంత సేపు నేను నోరు తెరవలేదు. అంత సేపు నేనూ కన్నయ్య మేస్త్రినే. మచ్చ మీద సున్నం కొట్టేవాణ్ణే.

"అవ్వా, ఆయమ్మను ఏమీ అనాకండి. తప్పు నాది" అన్నాను. "రంగు వాసనకు పురుగులు సచ్చిపోతా ఉండాయి. ముందు బయటికి తీయండి."

ఆమె నా వైపు తిరిగింది. "నిన్నెవుడు ఎయ్యమన్నాడురా తలుపులకు?"

"ఎవురూ ఎయ్యమనలేదవ్వా. అందంగా ఉంటాదని..."

"పురుగుకు అందమెందుకురా, పాపీ!"

ఆ తిట్టు నాకు తగిలింది, తగలాల్సిందే. గోవిందరెడ్డి మాత్రం తిట్టలేదు. తట్ట వైపే చూస్తూ, "యాడికి తీస్తాము దానియేలూ?" అన్నాడు. "ఇంట్లో గదికి ఇవి పట్టవు. ఊళ్ళో షెడ్లన్నిట్లో వాళ్ళ వాళ్ళ పురుగులే ఉండాయి. బడి కారతా ఉండాది. కొట్టంలో పొగ. ఈ వానలో యాడ పెడదాం?"

కారని కప్పు, రెండు వైపులా కిటికీలు, రంగు ముట్టని సున్నపు గోడలు, సోమవారం నుంచి శనివారం దాకా ఖాళీ. అట్లాంటి ఇల్లు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. దానికి సున్నం కొట్టింది కూడా నేనే.

"మా గుళ్ళో" అన్నాను.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోవిందరెడ్డి తట్ట తల మీదికి ఎత్తుకున్నాడు.

వంక దాటిన తట్టలు

గుడి తాళం సంఘ పెద్ద జకర్యా మామ దగ్గర ఉంటుంది. పాస్టరు అయ్యగారు పలమనేరులో ఉంటారు, ఆదివారమే వస్తారు. నేను పరుగున వెళ్ళి సంగతంతా చెప్పాను. మామ మంచంలో నుంచి లేవలేదు.

"వాళ్ళ పురుగుండే ఇంటి గడప మన్ని తొక్కనియ్యరు గదరా. వాళ్ళ పురుగులు మన మందిరంలోకా? దేవుడి ముందర పురుగులా?"

ఆ మాటలో అన్యాయం ఏముంది? ఏమీ లేదు. "తప్పు చేసినోణ్ణి నేను మామా. నేను ఈ సంఘం మనిషిని. నా తప్పు సంఘానికి కొంచెమైనా తగలదా?" అన్నాను.

మామ ఇంకేదో అనబోయాడు. ఆయన భార్య రూతమ్మత్త వచ్చి ఆయన మొలతాడుకున్న తాళంచెవి విప్పుకుంది. "మీ వాదన రేపు చేసుకుందురు. పురుగు రేపటిదాకా కాచుకోదు" అని చీర చెంగు తల మీద కప్పుకుని వానలోకి నడిచింది.

తట్టల మీద గోనె పట్టాలు కప్పుకుని వంక దాటించాం. మా పేట ఆడవాళ్ళు కూడా ఎత్తుకున్నారు. ఆ వానలో ఎవరి చేతికి ఏ తట్ట అందిందో ఎవరూ చూడలేదు. గుడి గుమ్మంలో నాగమ్మవ్వ ఆగింది.

"ఈడ ఊదొత్తులు ముట్టిస్తారా?"

"లేదవ్వా."

"సున్నం ఎవురు కొట్టినారు?"

"నేనే."

గోడకు ముక్కు ఆనించి వాసన చూసింది. ఆనక నా వైపు తిరిగి, "చెయ్యి ఇట్ల తే" అంది. నా మణికట్టు పట్టుకుని లాగి, అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే మొహం చిట్లించింది.

"కిరసనాయిలు! ఈ చేతుల్తోనేనా తట్టలు ఎత్తింది? పో, బూడిదేసి రుద్దుకోనిరా."

రంగు పోవడానికి ముందు రోజు కిరసనాయిలుతో కడుక్కున్నాను. వంకకు వెళ్ళి బూడిదతో రుద్దుకుని వచ్చాను. మళ్ళీ పట్టుకుని చూసింది, మళ్ళీ పంపింది. మూడోసారి వాసన చూసి, "ఇంక రా" అంది. అప్పటికి నేను కిందికి చూస్తున్నాను. ఆమె వేళ్ళు నా మణికట్టు మీదే ఉన్నాయి. ఆమెకు ఆ సంగతి తోచలేదు. మునెమ్మకు తోచింది. మునెమ్మ ఆకు తరగడం మొదలుపెట్టింది.

ఆదివారం

నాలుగింట ఒక వంతు పురుగులు ఆ రెండు రోజుల్లోనే చచ్చిపోయాయి. చచ్చినవాటిని మునెమ్మ ఒక్కొక్కటిగా ఏరి సున్నం చల్లి పూడ్చింది. నేను గుంట తవ్వాను. అది కూడా నా పనే. మిగిలినవి శనివారానికి మేతకు తిరిగాయి.

ఆదివారం అయ్యగారు వచ్చారు. కథంతా విని, గుడి మధ్యలో మనుషులకు చోటు మిగిలిందా అని మాత్రం అడిగారు. మిగిలింది. కానీ గుమ్మంలో నాగమ్మవ్వ ఉంది. పురుగుల ఇంటి కట్టుబాట్లు మా సంఘానికి అప్పచెప్పింది.

"కాళ్ళు కడుక్కోండి. పౌడరు పూసుకునింటే తుడుచుకోండి. మల్లెపూలు బయట పెట్టండి. బీడీ తాగినోళ్ళు అరుగు మీదే ఉండండి. తప్పెట కొట్టాకండి, పురుగు బెదరతాది."

"మా గుడికి మేం పోయేదానికి ఈయమ్మ చెప్పాల్నా?" అని జకర్యా మామ గొణిగాడు. గొణుగుతూనే కాళ్ళు కడుక్కున్నాడు. బీడీ తాగి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు. ఎన్ని ప్రసంగాలు విన్నా మానని బీడీని వాళ్ళలో ఒకాయన తర్వాతి ఆదివారానికి మానేశాడు.

తప్పెట లేకుండా మెల్లగా పాడుకున్నాం. అయ్యగారు మౌన ప్రార్థన చేద్దామన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. కాసేపటికి జకర్యా మామ కళ్ళు తెరిచి, "వాన పెద్దదైనట్టుండాదే. బట్టలు ఆరేసినాను" అని లేచి బయటికి వెళ్ళాడు. వెంటనే తిరిగొచ్చాడు. బయట వాన లేదు. ఆయన తట్టల దగ్గర నిలబడి చెవి వంచాడు. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు నములుతుంటే పెంకుల మీద జల్లు పడుతున్న చప్పుడు.

"ఇవేనా?" అన్నాడు.

గుమ్మంలో నుంచి నాగమ్మవ్వ, "అవేనప్పా. ఆ సద్దు వినబడితే బతికినట్టే" అంది.

మామ మళ్ళీ కూర్చోలేదు. ప్రార్థన అయిపోయేదాకా అక్కడే నిలబడి విన్నాడు. నేను ఎన్నో మంచి ప్రార్థనల్లో కూర్చున్నాను. అంత నిండుగా ఉన్న మౌనం మళ్ళీ ఎరగను.

మూడు ఆదివారాలు గడిచాయి. పురుగులు పండి, చంద్రికలనే వెదురు చాపల మీదికెక్కి, గూళ్ళు కట్టాయి. బలిపీఠం పక్కన వరసగా నిలబెట్టిన చంద్రికల నిండా పసుపు వన్నె గూళ్ళు. పంట నిలబడింది. గోవిందరెడ్డి మల్బరీ తోట కొట్టేయలేదు.

తలుపులు

షెడ్డు తలుపుల రంగును నేను గాజు పెంకులతో గీకి, చెక్క తేలేదాకా రుద్ది, రెండు నెలలు ఎండకు నిలబెట్టి గానీ తిరిగి బిగించలేదు. గుడికి మళ్ళీ సున్నం కొట్టాను. తలుపులకు ఏం వేద్దామని సంఘంలో మాటొచ్చింది. అప్పుడు లేచి మాట్లాడింది జకర్యా మామే.

"ఏమీ ఎయ్యొద్దు. ఎవురి పురుగుకు ఎప్పుడు ఇల్లు కావాల్సొస్తాదో" అన్నాడు.

అదీ సంగతి. అప్పటి నుంచి తలుపులకు వేపనూనె కూడా పెట్టలేదు.

యువకులారా, ఇందులో నేను నేర్చుకున్నది ఇంతే. మీరు రంగు వేసే ఇంట్లో ఏం బతుకుతుందో తెలుసుకోకుండా డబ్బా మూత తీయకండి. అడగని పని ప్రేమతో కూడా చేయకండి. తప్పు జరిగితే ఆ నిమిషమే చెప్పండి. ఆలస్యంగా చెప్పిన నిజం మీ మనసును తేలిక చేస్తుందేమో గానీ పురుగును బతికించదు.

ఆ మూడు వారాలతో వంక పూడిపోయిందని నేను రాయను. అది అబద్ధం. ఆ తర్వాత కూడా ఏటా షెడ్డుకు సున్నం కొట్టడానికి వెళ్ళేవాణ్ణి. మధ్యాహ్నం నాగమ్మవ్వ మజ్జిగ తెచ్చేది. అప్పటికీ పైనుంచే పోసేది, ఒక్క చుక్క కింద పడకుండా. కానీ దానికి ముందు నా చేయి పట్టుకుని వాసన చూసేది. చూపు తగ్గి, షెడ్డు పని కోడలికి వదిలేసిన ఏడాది కూడా, నా గొంతు వినబడగానే మంచంలో నుంచి చేయి చాచింది. "దానియేలా, యాడ నీ చెయ్యి?" అంది. ఆ రోజు నేను పనికి పోలేదు, ఊరికే చూడటానికి పోయినాను. అయినా బూడిదతో కడుక్కునే వెళ్ళాను.

గుడి తలుపులకు రంగు వేయొద్దని నేననను. గుడి మీది కూడా. ఇప్పుడు మన పేటలోనే కొందరు పురుగు పెంచుతున్నారు. వాళ్ళిళ్ళకూ వెళ్ళండి, వంక అవతలికీ వెళ్ళండి. ఎవరి పురుగు ఎన్నో జ్వరంలో ఉందో అడగండి. ఎవరికీ ఇల్లు అవసరం పడదని తేలాక, అప్పుడు వేయండి. పచ్చరంగే వేయండి. బాగుంటుంది.